బుద్ధిగా ఉన్న అయస్కాంతాలు

రెండో బీరువా తాళం తిప్పుతూ తాళం బాబాయ్ ఊపిరి బిగబట్టాడు. ఊపిరి తగిలితే పరీక్ష నాళికలు పగులుతాయని కాదు, ముప్పై ఏళ్ల అలవాటు. ఇంట్లో ఆయన ముట్టుకున్న గ్లాసల్లా పగిలేది. భార్య ఆయన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. బడి ప్రయోగశాలలో మాత్రం ఇంతవరకూ ఒక్కటీ పగల్లేదు. నిజానికి వాటిని ఎవరూ ముట్టుకోనేలేదు. సైన్సు మాస్టార్లు వచ్చారు, బోర్డు మీద బొమ్మలు గీశారు, బదిలీ అయి వెళ్లారు. ఆయన అటెండరుగా తాళాలు వేసుకుంటూ ఉండిపోయాడు.

ఇవాళ ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. "అన్నీ సవ్యంగా ఉన్నాయి" అని కొత్త సైన్సు టీచరమ్మ కాగితం మీద రాసిస్తే, దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలని ఆశ. మేకు కూడా కొట్టేసి వచ్చాడు.

టీచరమ్మ కాగితం పక్కన పెట్టి, "ముందు పిల్లల్ని రానివ్వండి బాబాయ్" అంది. ఆయన పరీక్ష నాళికల వైపు చూశాడు.

వచ్చినవాళ్లలో ఎందుకమ్మాయి ఉంది. ఏం చెప్పినా "ఎందుకు?" అంటుంది కాబట్టి బడంతా ఆ పిల్లని అలాగే పిలుస్తుంది. తిన్నగా వెళ్లి అయస్కాంతాల కట్ట తీసి గుండుసూదుల మీద పెట్టింది. ఒక్క సూదీ కదల్లేదు.

"ఇవి ఉత్త ఇనప ముక్కలా బాబాయ్?"

"అయస్కాంతాలే! మొదట్లో మహా పొగరుగా ఉండేవమ్మా. ఎర్ర కొసలన్నీ ఒకే వైపు నీటుగా పేరిస్తే, తోడల్లుళ్లలా ఒకదాన్నొకటి తోసుకునేవి. పురికొసతో బిగించి కట్టేశా. ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా ఉన్నాయో!"

పిల్లలు గొల్లున నవ్వారు. ఒకే రకం కొసల్ని ఏళ్ల తరబడి పక్కపక్కన కట్టేస్తే వాటి శక్తి తగ్గిపోతుందని టీచరమ్మ మెల్లగా చెప్పింది. బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"పోనీలెండి, సవ్యంగానే ఉన్నాయని రాసేస్తాను" అంటూ ఆమె కలం తీసింది.

ఆయన ఇంట్లో కొట్టిన మేకును తలుచుకున్నాడు.

"వద్దమ్మా. పాడయ్యాయనే రాయండి. నేనెలా పాడుచేశానో కూడా రాయండి, పిల్లలకి పనికొస్తుంది."

"ఎందుకు? పూర్తిగా పాడయ్యాయో లేదో చూశామా?" అంది ఎందుకమ్మాయి. పురికొస విప్పి, దాన్నే ఒక అయస్కాంతానికి సరిగ్గా మధ్యలో కట్టి చెక్క స్టాండుకు వేలాడదీసింది. అది నెమ్మదిగా తిరిగి ఒక వైపు చూస్తూ ఆగింది. బాబాయ్ వేలితో నెట్టాడు. మళ్లీ అటే తిరిగింది. ఇంకోసారి నెట్టాడు. మళ్లీ అటే.

"అటేముందే?"

"ఉత్తరం!"

"దానికెవరు చెప్పారు?"

పెద్దాయన అడిగేసరికి పిల్లలందరూ ఎగబడి ఒకేసారి చెప్పబోయారు. ఆ తొక్కిసలాటలో ఒక పరీక్ష నాళిక కిందపడి పగిలింది. ఆయన అటు చూడనేలేదు. ముప్పై ఏళ్లూ ఇదంతా తాళం వేసి ఉంచానా అని ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది.

సాయంత్రం గంట కొట్టాక తాళాల గుత్తి టీచరమ్మ చేతిలో పెట్టి, పాడయ్యాయని రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫ్రేముకి అదైనా ఫరవాలేదనిపించింది. వెళ్తూ వెళ్తూ అయస్కాంతాన్ని మరోసారి నెట్టాడు.

ఖాళీ గదిలో, ఆయన పురికొస చివర, అది కాసేపు అటూ ఇటూ ఊగి ఉత్తరానికి తిరిగి నిలిచింది.