ఆయ్ అనకూడని గది

కోనసీమలో మనిషితో వాదన పెట్టుకోవడం మహా కష్టం. ఏమన్నా "ఆయ్" అంటారు. ఎండ పేలిపోతోందంటే ఆయ్, అబ్బే మబ్బేసిందంటే దానికీ ఆయ్. అది ఒప్పుకున్నట్టో, ఊరికే విన్నట్టో, ఇక దయచేయమన్నట్టో అవతలివాడే తేల్చుకోవాలి. ఈ మర్యాదతో విసిగిపోయిన ఇద్దరు మనుషులు ముప్ఫయ్యొక్కేళ్ల క్రితం కొత్తపేటలో ఒక నియమం పెట్టుకున్నారు. కొట్టుగదిలో ఎవరూ ఆయ్ అనకూడదు.

కొట్టుగది అంటే సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి ఇంట్లో ఒకప్పుడు కొబ్బరికాయలు పోసిన గది. కాయలు పోయినా వాసన పోలేదు. ఆ వాసన మధ్యే రావుగారు తన జాజ్ రికార్డులు పెట్టుకున్నారు. కలకత్తాలో ఓడల కంపెనీలో పనిచేసిన చిన్నాన్న వదిలి వెళ్లిన ట్రంకుపెట్టెతో మొదలైన పిచ్చి అది. రెండో పిచ్చివారు యేసురత్నం మేష్టారు. అమలాపురంలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యారు, చర్చిలో క్లారినెట్ వాయిస్తారు. విశాఖపట్నం పాతసామాన్ల కొట్లలో దుమ్ము మింగి సంపాదించిన రికార్డులన్నీ తెచ్చి ఆ గదిలోనే చేర్చారు. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే కొత్తపేట బస్సెక్కేవారు.

నియమం పెడదామన్నది రావుగారే గాని, దాని విలువ తెలిసింది మేష్టారికి. ఆయన తండ్రి ఈ ఇంటి చేలోనే కూలి చేశాడు. ఈ వాకిట్లోనే తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడి, రావుగారి తండ్రి ఏమంటే దానికి బతుకంతా "ఆయ్ అండయ్యా" అన్నాడు. అలాంటివాడి కొడుకు ఆ ఇంట్లోనే కుర్చీలో కాలుమీద కాలేసుకుని, ఆ ఇంటాయన మొహం మీదే "కాదండీ" అనేవారు. "మీరు పొరబడ్డారు మేష్టారూ" అని రావుగారు ఎదురు లేచేవారు. అంతటి సుఖం మేష్టారికి మరెక్కడా దొరకలేదు.

వాదనలు ఎన్నో నడిచాయి. ఒకటి మాత్రం తెగలేదు. ఒక రికార్డు లేబుల్‌ని చెదలు తినేశాయి. పాటేదో తెలీదు, వాయించినవారెవరో తెలీదు. చివర్లో అరనిమిషం పాటు ఒకే ఒక్కరు వాయిస్తారు. అది క్లారినెట్టు, కట్టె గొంతు వినబడటం లేదా అని మేష్టారు. కాదు, క్లారినెట్‌లాగే నిటారుగా ఉండే ఇత్తడి శాక్సఫోను, ఆ వణుకు ఇత్తడికే వస్తుందని రావుగారు. ఫోనుకి వినిపిస్తే క్షణంలో పేరు చెప్పేస్తుందని ఎవరో సలహా ఇస్తే, ఇద్దరూ కలిసి ఆయన్ని తినేసేలా చూశారు. ముప్ఫయ్యొక్కేళ్లలో వాళ్లు ఏకమైంది ఆ ఒక్కసారే.

మొన్న వానలు మొదలయ్యేసరికి రావుగారికి కిడ్నీలు మొరాయించాయి. మంచం కొట్టుగదిలోకే వేయించుకున్నారు. ఆ ఆదివారం మేష్టారు తన కుర్చీలో కూర్చుని, ఆ రికార్డే పెట్టి, ఊపిరి తిప్పుకోకుండా పది నిమిషాలు వాదించి, "కాబట్టి క్లారినెట్టేనండీ" అని ముగించారు. రావుగారు కళ్లు తెరవలేదు.

"ఆయ్" అన్నారు.

మేష్టారికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. గెలిచాననిపించలేదు సరికదా, ఎవరో మొహం మీద తలుపు వేసినట్టనిపించింది. పరాయివాళ్లని సాగనంపే మర్యాద ఇన్నేళ్లకి తనకీ జరిగిందనుకున్నారు. గొడుగు తీసుకుని చెప్పకుండా వచ్చేశారు. మరుసటి ఆదివారం వెళ్లలేదు. పై ఆదివారమూ వెళ్లలేదు. మూడోది కూడా అలకలోనే పోయింది. బుధవారం పొద్దున్న కబురొచ్చింది.

ఆ తరవాత నాలుగు నెలలు మేష్టారికి మనుషుల కొదవ లేదు. కూతురు శారోన్ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, నాన్న ఏం చెప్పినా "ఆయ్ నాన్నగారూ" అనేది. జాజ్ అభిమానుల వాట్సాప్ గ్రూపొకటి ఉందంటే అందులోనూ చేరారు. రెండు పేజీల వాదన రాసి పెడితే పదకొండు బొటనవేళ్లు వచ్చాయి. ఒళ్లుమండి, ట్రంపెట్టుకి కూడా క్లారినెట్‌లాగే రెల్లుబద్ద ఉంటుందని శుద్ధ తప్పు రాసి పడేశారు. దానికీ ఏడు బొటనవేళ్లు. ఆ రోజు ఫోను బోర్లా పెట్టేశారు. ఇంతమందిలో ఇంత ఒంటరితనం ఆయన ఎన్నడూ ఎరగరు. రావుగారి ఆయ్ ఏ ఆయ్ అన్నది ఒక్కటే తేలితే చాలనుకునేవారు. మనసొప్పి అన్నదా, ఇక చాలు వెళ్లమన్నదా? చెప్పాల్సిన మనిషి లేరు.

రావుగారి భార్య సావిత్రిగారు ఫోన్ చేసి, రికార్డులు చెమ్మపట్టిపోతున్నాయి, వచ్చి తీసుకెళ్లమన్నారు. ఆదివారమే వెళ్లారు. మేష్టారి కుర్చీ నిండా పాత పేపర్ల కట్టలున్నాయి. మంచం తీసేసిన చోట రావుగారి కుర్చీ మళ్లీ వేశారు. అందులో కూర్చోమని ఆవిడ కాఫీ కలపడానికి లోపలికి వెళ్లారు. మేష్టారు మొహమాటపడుతూనే కూర్చుని, ఆ లేబుల్ లేని రికార్డు తీసి పెట్టారు.

కూర్చున్నాక ఒక వింత గమనించారు. ఇక్కణ్ణుంచి వంటింట్లో చెంచా చప్పుడు కూడా వినిపిస్తోంది. తన కుర్చీలో ఏనాడూ వినబడలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే వంటిల్లు ఎడమచెవి వైపు. ఆ చెవి రెండేళ్లుగా మందగించింది. ఆ సంగతి మేష్టారు డాక్టరు దగ్గర కూడా ఒప్పుకోలేదు.

ఆఖరి అరనిమిషం మొదలైంది. మేష్టారు కళ్లు మూసుకున్నారు.

"పంచదార వెయ్యమంటారా అన్నయ్యగారూ?" అని లోపలినుంచి సావిత్రిగారు అడిగారు.

"ఆయ్" అన్నారు మేష్టారు.

అని, ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. తను వింటున్నది పాట, జవాబు వెళ్లింది వంటింటికి. సావిత్రిగారు కాఫీ తెచ్చేసరికి పాట అయిపోయి రికార్డు ఊరికే తిరుగుతోంది. గ్లాసు అందుకుంటూనే మేష్టారు అడిగారు.

"చెల్లెమ్మగారూ, నేను చివరిసారి వచ్చిన రోజున మీరు లోపల్నుంచి ఆయన్నేమన్నా అడిగేరా?"

"గంజి తెమ్మంటారా అని అడిగేనండీ. ఆయ్ అన్నారు. తెచ్చేసరికి మీరు లేరు. 'మేష్టారు నా మాట వినకుండానే వెళ్ళిపోయేరు, అది శాక్సఫోనే, పై ఆదివారం తేల్చేస్తాను' అన్నారండీ. మూడు ఆదివారాలూ మీ కుర్చీ దుమ్ము దులిపించేరు."

మేష్టారికి ముందు సంతోషమే వేసింది. ఒప్పుకోలేదు, మహానుభావుడు ఒప్పుకోకుండానే పోయారు. ఆ వెనకాలే దులిపి పెట్టిన కుర్చీ, తను ఎక్కని మూడు బస్సులు గుర్తొచ్చాయి. కాఫీ గ్లాసు కింద పెట్టి మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆవిడ చూడనట్టే ఖాళీ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మేష్టారు రికార్డు మళ్లీ పెట్టారు. అరనిమిషం వచ్చింది, వెళ్లింది. ఎదురుగా పేపర్ల కట్టలు మోస్తున్న తన కుర్చీని చూస్తూ, ఎప్పటికన్నా గట్టిగానే అన్నారు.

"క్లారినెట్టేనండీ."

ఎదురుమాట కోసం ఆగారు. ముల్లు గరగర తప్ప గదిలో ఏమీ లేదు. కాసేపటికి వంటింట్లోంచి, పెద్దాయన్ని నొప్పించడం దేనికని కాబోలు, సావిత్రిగారు మర్యాదగా అన్నారు.

"ఆయ్."