పిడికిట్లో పందొమ్మిది డిగ్రీలు

మీ ఇంట్లో జ్వరం చూసే గాజుపుల్ల ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మీరు నమ్ముతారు. నేను దానికి దగ్గరి చుట్టాన్నే కానీ, అంత నమ్మదగినదాన్ని కాను. నేను ఒక నీటి థర్మామీటరును. ఏటి నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పడం నా పని. ఆ పనిలో నేను ఏ రోజూ తప్పు చేయలేదు. అయినా నా మూలంగా ఒక మనిషి ఊపిరి సగానికి సగం తరిగిపోయింది. ఇందులో నా వంతు ఎంతో తేల్చుకోలేక మీతో చెబుతున్నాను. విన్నాక మీరేమంటారో అని ఇప్పటినుంచే బెంగగా ఉంది.

ఉత్తరాదిన ఎక్కడో గాజు ఊదే చిన్న కార్ఖానాలో పుట్టాను. ఊదేవాడు మమ్మల్నందరినీ ఒకే మంట మీద సాగదీశాడు. జ్వరం పుల్లలకు మాత్రం మెడ దగ్గర సన్నగా ఒక నొక్కు నొక్కాడు. ఆ నొక్కు ఉంటే ఎక్కిన పాదరసం మళ్ళీ కిందికి జారదు. రోగి నోట్లోంచి తీసి, తుడిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తీరిగ్గా చదువుకోవచ్చు. విదిలించేదాకా అది ఆ మనిషి వేడిని పట్టుకునే ఉంటుంది. నాకా నొక్కు లేదు. ఎవరిని తాకితే వాళ్ళ వేడే నాది. వాళ్ళు దూరం కాగానే నాలో వాళ్ళది ఏమీ మిగలదు. విడిచివెళ్ళినవాళ్ళను గుర్తుపెట్టుకునే శక్తి నాకు పుట్టుకతోనే లేదు. మనుషుల్లో ఇలాంటివాళ్ళుంటే ఏమని తిడతారో నాకు తెలుసు.

మొదట భీమిలి దగ్గర రొయ్యపిల్లల్ని పెంచే ఒకాయన నన్ను కొన్నాడు. పొద్దున్నా సాయంత్రం తొట్టిలోకి వంగి, నన్ను నీళ్ళలో ఉంచే చదివేవాడు. ఆయన చొక్కా చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉండేది. "నాకు జొరమొత్తే ఇంత వంగి సూసేవేటి ఎప్పుడైనా?" అని భార్య దెప్పేది. రెండేళ్ళకు తెగులు తగిలి పిల్లలన్నీ తెల్లగా తేలిపోయాయి. తొట్లు అమ్ముకున్న రోజున ఆయన నన్ను చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. పాత సామాను పెట్టెలో పడేశాక, మూత మూసేలోగానే ఆయన చేతి వేడి నాలోంచి పోయింది. ఆ తొందర తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పెట్టెలోంచి నన్ను ఏరుకున్నవాడు సింహాద్రి. కొండల నడుమ ఏటి ఒడ్డున ఉన్న తాడిరేవు అతని ఊరు. పట్నాలవాళ్ళు అక్కడికి వచ్చి, గాలి నింపిన లారీ ట్యూబుల మీద కూర్చుని మైలు దూరం ఏటివాలున తేలిపోతారు. ఊరివాళ్ళు కమిటీ కట్టుకుని ఆ సరదా నడుపుతారు. సింహాద్రి దానికి పెద్ద. రేవు మెట్ల పైన నల్లబోర్డు మీద ప్రతి ఉదయం ఆకాశం ఎలా ఉందో, గాలి ఎటునుంచో, నీళ్ళు ఎన్ని డిగ్రీలో రాస్తారు. పద్దెనిమిదికి తగ్గితే చివర 'దిగరాదు' అని రాయాలి. అది కమిటీ కట్టుబాటు.

ఆ బోర్డు ముందు మనుషుల్ని చూడటం నాకు వేడుకగా ఉండేది. ఇరవై నాలుగని ఉంటే, "అబ్బ, వెచ్చగా ఉన్నాయి!" అనేవారు, ఇంకా కాలు పెట్టకుండానే. పందొమ్మిదని ఉంటే ఎండలో నిలబడి వణికేవారు. పక్కనే ఏరు పారుతున్నా ఎవరూ వంగి వేలు ముంచి చూసేవారు కారు. వేలి మాట కన్నా సుద్దముక్క మాట మీదే వాళ్ళకు గురి.

ఆ బోర్డు రాసేది సన్యాసమ్మ. ముప్పై ఏళ్ళు సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. బడికి వెళ్ళలేదు. మందు డబ్బాల మీద అంకెలు, ఆ తరవాత అక్షరాలు కూడబలుక్కుని, చివరికి పొట్లం కాగితాలైనా వదలకుండా చదివే స్థితికి వచ్చింది. ఆమె అంకె చెబితే ఊళ్ళో మారు మాట లేదు. అయితే ఆమె ఈ పని అడిగి పుచ్చుకున్నది పేరు కోసం కాదు. ఆమె భర్త దాలినాయుడు కోసం.

ఏరు వంపు తిరిగేచోట బండలున్నాయి. దాలినాయుడు అక్కడ నడుం లోతు నీళ్ళలో నిలబడి, కొట్టుకొచ్చే ట్యూబుల్ని పట్టుకుని పక్కకు మళ్ళిస్తాడు. అరవై దాటాయి. కిందటి చలికాలం రొమ్ముకు నెమ్ము చేసి చావు తప్పింది. చన్నీళ్ళలో దిగితే ఈసారి తాము చేయగలిగేది లేదని డాక్టర్లు చెప్పారు. ఏరు మానేస్తే ఆయన బతికేలా లేడు. దిగితే బతకనివ్వదు. అందుకని ఆలుమగలు ఒక ఒడంబడిక చేసుకున్నారు. బోర్డు మీద పద్దెనిమిది లేని రోజున ఆయన దిగడు, ఉన్న రోజున ఆమె ఆపదు.

ఇక ఆమె నన్ను చూసే తీరు చెప్పాలి. ముందు మూడుసార్లు విదిలించేది. తరవాత నీళ్ళలో ముంచి నూరు లెక్కపెట్టేది. బయటికి తీసి, పైటకొంగుతో శుభ్రంగా తుడిచి, పన్నెండు మెట్లెక్కి, బోర్డు దగ్గర ఎండలో నిలబడి, కళ్ళజోడు తగిలించుకుని అప్పుడు చదివేది. ముప్పై ఏళ్ళు జ్వరం పుల్లలతో చేసిన చేయి అది. ఎంత ఒద్దికగా చేసేదంటే, చూసినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడేవారు. నన్ను తుడవకూడదని, నీళ్ళలో ఉండగానే చదవాలని ఎవరికీ తట్టలేదు. నేను నీళ్ళను విడిచి ఎండతో కలిసిపోయేదాన్ని, ఆమె ఆ ఎండను ఏరు అని రాసేది.

కార్తీకం దాకా నీళ్ళకూ గాలికీ పెద్ద తేడా లేక అంకె చెడలేదు. చలి ముదిరాక రోజూ రెండు మూడు డిగ్రీలు అబద్ధమాడుతూ వచ్చాను. అరవడానికి నాకు నోరు లేదు. అలాగని నా మనసు నన్ను వదలలేదు.

పుష్యమాసంలో ఒక పొద్దున పొగమంచు రేవు మీద నుంచి లేవనే లేదు. విశాఖ నుంచి నలభై మంది బస్సులో దిగి టీ తాగుతున్నారు. సన్యాసమ్మ నన్ను ముంచింది. పదిహేను. ఇంత చలి నేనెప్పుడూ ఎరగను. ఆమె నన్ను తీసి, తుడిచి, వేళ్ళు కొంకర్లు పోతుంటే శాలువా లోపల పిడికిట్లో బిగించి మెట్లెక్కింది. ఆ పిడికిలి ఎంత వెచ్చగా ఉందో! పన్నెండు మెట్లూ ఎక్కేలోగా నేను ఏటిని వదిలేసి ఆమెనైపోయాను. బోర్డు దగ్గర ఎండ లేదు. మంచుగాలికి కొంచెం దిగి, ఆమె కళ్ళజోడు సర్దుకునేసరికి పందొమ్మిది దగ్గర ఉన్నాను.

"ఎంతే, దొరసానీ?" కింద నుంచి దాలినాయుడు.

"పందొమ్మిది."

ఆయన ఒక కాలు ముంచి వెనక్కి లాక్కున్నాడు. "ఇదేటే! సల్లదనం ఎముకలు కొరికేత్తంది."

"బోర్డు కన్నా నీ కాలికి ఎక్కువ తెల్సేటి? ముసిలోడివైపోనావు, ఆ మాట ఒప్పుకోవు."

టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. సింహాద్రి కూడా, "అప్ప సెప్పిందంటే అయిపోనట్టే బావా! దిగిపో మరి," అన్నాడు. దాలినాయుడు నవ్వుకుంటూ తలగుడ్డ బిగించాడు. భార్య మాట మీద ఆయనకున్న గురి చూపించుకోవడానికన్నట్టు ఒక్కసారిగా నడుం దాకా దిగిపోయాడు.

నలభై ట్యూబులు. రెండు గంటలు. బయటికి వచ్చేసరికి ఆయన పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా, "పందొమ్మిది గదా, ఏటీ కాదు," అంటూనే ఉన్నాడు. మర్నాటికి జ్వరం, ఎగశ్వాస. పెద్దాసుపత్రిలో పదకొండు రోజులున్నారు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మంచం పక్కన సన్యాసమ్మ కూర్చుని, తోచక నడుముకు దోపుకున్న నన్ను తీసింది. ముప్పై మూడు చూపించాను. అది ఆమె ఒంటి వేడి. కిటికీ గట్టు మీద పెట్టింది. చూస్తుండగానే ఇరవై రెండుకు జారాను. ఆమె కళ్ళజోడు సర్దుకుంది. మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఎక్కాను. మంచినీళ్ళ గ్లాసులో పెట్టింది. దిగాను. తీసి తుడిచింది. మళ్ళీ ఎక్కాను. అలా ఎన్నిసార్లు చేసిందో! పక్క మంచం ఆవిడ, "అప్పా, జొరం సూడాలంటే నోట్లో ఎట్టాలి గానీ గలాసులో ఎడతారేటి?" అంది.

"ఇది నిలబడదమ్మా," అంది సన్యాసమ్మ. "ఇది అస్సలు నిలబడదు."

నన్ను కొంగులో చుట్టి మూట కట్టేసింది. నాకు మెడ దగ్గర ఒక్క నొక్కు ఉంటే సరిపోయేదని ఆ రోజు ఏడ్చాను. పాదరసానికి కన్నీళ్ళుండవు కనుక ఎవరికీ తెలియలేదు.

దాలినాయుడు బతికి ఇంటికొచ్చాడు. పది అడుగులు వేస్తే ఆయాసం. ఊరంతా పలకరించడానికి వచ్చారు. అందరికీ ఒకటే చెప్పేవాడు: "నీళ్ళు మంచియే. పందొమ్మిది. నా ఇంటిది రాసిన నెంబరు తప్పదు. నా రొమ్ముదే తప్పు." ఆ మాట విన్నప్పుడల్లా సన్యాసమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది. పొయ్యి వెలగని వేళ కూడా వెళ్ళేది. ఒకసారి సింహాద్రి, "బోర్డు సరిగ్గా సూసేవా అప్పా ఆవేళ?" అని అడగబోతే దాలినాయుడు లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో సేసిన మనిషిని అడుగుతావేట్రా? నీ మీసాలకి జొరం సూడమను!" అని దగ్గుతో కూలబడ్డాడు. ఆమె ఆయన వీపు రాస్తూ తల ఎత్తలేదు.

చెబితే ఏమవుతుంది? ఆయన మిగుల్చుకున్న గర్వం అదొక్కటే, అదీ పోతుంది. చెప్పకపోతే? మాఘమాసం వచ్చింది. ఒక రోజు ఆయన తలగుడ్డ వెతుకుతూ కనిపించాడు.

"ఎక్కడికి?"

"రేవుకే. నువ్ బోర్డు సూడు. పద్దెనిమిదుంటే దిగుతాను. ఒడంబడిక ఒడంబడికే గదా."

ఆమె ఆయన్ని మెల్లగా నడిపించుకుని రేవుకు తీసుకెళ్ళింది. చివరి మెట్టు మీద బోర్లా పడుకుని నన్ను నీళ్ళలో పెట్టింది. ఈసారి తీయలేదు.

"ఇలా రా. వంగు. ఎంతుంది?"

ఆయన ఆయాసపడుతూ వంగాడు. "పదారు."

నన్ను తీసింది, తుడిచింది, పిడికిట్లో పట్టుకుంది, నూరు లెక్కపెట్టింది. పిడికిలి విప్పింది. "ఇప్పుడో?"

ఆయన చూశాడు. నేను ఆ క్షణాన ఎన్ని డిగ్రీలున్నానో మీకు చెప్పను. అది ఆమె చేతిది, నాది కాదు. నీళ్ళను చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"మరైతే ఆవేళ?"

"పదిహేనో, అంతకన్నా తక్కువో. నాను ఎప్పుడూ ఇలాగే సూసేను. నువ్ సల్లగుందన్నావు. నాను నవ్వేను. నలుగుర్లో నవ్వించేను."

దాలినాయుడు ఏమంటాడో అని నేను బిగుసుకుపోయాను. తిట్టినా బాగుండేది. ఆయన తలగుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "పద, సలేత్తంది," అన్నాడు. పన్నెండు మెట్లూ ఆమె చేయి పట్టుకోకుండానే ఎక్కాడు. మధ్యలో నాలుగుసార్లు ఆగాడు.

ఆ సాయంత్రమే సన్యాసమ్మ కమిటీవాళ్ళ ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. ఎవరూ విననట్టే ఉన్నారు. "తలరాత అప్పా, నీ తప్పేటుంది? బయటికి మాత్రం అనకు, బస్సులోళ్ళు బెదిరిపోతారు," అన్నాడు సింహాద్రి. మనుషులకు నిజం ఇవ్వబోతే ఓదార్పు చేతిలో పెట్టి పంపుతారు. ఆమె మర్నాటి నుంచి బోర్డు రాయలేదు. కమిటీవాళ్ళు అంకెలు వెలిగే కొత్త యంత్రం ఒకటి కొన్నారు. నన్ను ఆమెకే ఇచ్చేశారు.

ఇప్పుడు నేను వాళ్ళ పెరట్లో, స్నానాల తడిక మీద ఒక మేకుకు వేలాడుతున్నాను. ఏటిని చూసి మూడేళ్ళయింది. దాలినాయుడు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎవరైనా వస్తే ఇప్పటికీ, "నా ఇంటిది రాసిన నెంబరు తప్పదు," అనే అంటాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఇద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చుంటారు.

పొద్దున్నే ఆమె ఆయనకు నీళ్ళు కాస్తుంది. బకెట్లో చన్నీళ్ళు కలిపి తొరిపి, నన్ను ముంచి, ముంచే ఉంచి, నడుం విరిగేలా వంగి చదువుతుంది. "ముప్పై ఎనిమిది," అంటుంది పైకే, ఆయనకు వినబడేలా. తప్పు లేదు. నేనే సాక్షిని.

ఆయన వింటాడు. తలూపుతాడు. పీట మీద కూర్చుని, చెంబు తీసేముందు, తన వేలు ఒకటి మెల్లగా నీళ్ళలో ముంచి చూసుకుంటాడు.

ఆమె తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడి ఉంటుంది.