శవం వేషం వేసే మనిషి

త్రినాథరావు చచ్చిపోయేముందు కళ్లద్దాలు తీసి లావణ్య చేతికిచ్చాడు. జేబులో పెన్ను, చిల్లర, గ్యాసు మాత్రల పట్టీ కూడా ఇచ్చాడు. చెప్పులు పక్కపక్కన పెట్టాడు. పీతల కన్నాలు లేని చోటు వెతుక్కుని, దాన్ని కాలితో ఒకటికి రెండుసార్లు తట్టి చూసి, ఇసకలో వెల్లకిలా పడుకుని, చేతులు బార్లా చాపి నోరు తెరిచాడు.

"మరీ అంత తెరిస్తే ఈగలు దూరతాయి సార్," అంది లావణ్య. టెక్కలి పిల్ల. ప్రథమ చికిత్స పాఠం చెప్పడానికి వస్తుంది.

శవం నోరు సగానికి మూసింది.

సరుగుడు చెట్ల కింద కూచున్న ముసలమ్మ పెద్దతల్లి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మ! ఈ బాబు మళ్లీ సచ్చిపోనాడే! నిరుడు బారువలో కూడా ఇలగే సచ్చిపోనాడట."

నిజానికి ఆయన ఉద్యోగం శవం కాదు, మేనేజరు. తొంభైతొమ్మిది తుఫాను తర్వాత కాశీబుగ్గలో వెలిసిన ఒక సంస్థ మొదట బియ్యం పంచింది. మరుసటేడు పడవలకు ఇంజన్లు ఇచ్చింది. ఇంజన్లు ఒక్క ఊరికే సరిపోయాయి. సరుగుడుపేటకు వచ్చాయి, పక్కనున్న కొత్తగండికి రాలేదు. సరుగుడుపేట ఇంజన్లకు కొత్తగండి వలలు తెగాయి. తెగిన వలల కోసం చీకట్లో పడవలు గుద్దుకున్నాయి. కొత్తగండి కుర్రాడొకడు మునిగిపోయాడు. అప్పుడు ఢిల్లీ నుంచి పెద్దలొచ్చి, ప్రాణం కాపాడే పనీ, బతుకు నిలబెట్టే పనీ, తగువు తీర్చే పనీ మూడూ ఒకటేనని చెప్పి, మూడింటికీ కలిపి ఒకే శిక్షణ పెట్టమన్నారు. ఊళ్లలో దాన్ని శవం ట్రైనింగు అంటారు. హాలు, చాపలు, భోజనాలు, ఎవరి పక్కన ఎవరు కూచుంటే తలలు పగలవో చూసుకోవడం, ఇవన్నీ త్రినాథరావు పని. శవం పని మీదపడింది. ఎందుకంటే మునిగినవాణ్ని మోసే పాఠానికి ఒక మనిషి పడుకోవాలి. బారువ నుంచి మూలపేట దాకా సముద్రం మీద బతికే మగాడెవడూ ఒడ్డున శవంలా పడుకోడు. ఒక్కసారి పడుకుంటే గంగమ్మతల్లి చూసి గుర్తుపెట్టుకుంటుంది.

"మరి మీరు పడుకుంటన్నారు, మీకు బయ్యం నేదేటి?" అని మొదట్లో ఎవరో అడిగారు.

ఆయనకు భయం ఉందనడం సముద్రంలో కొంచెం నీళ్లున్నాయనడం లాంటిది. కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టి కొబ్బరికాయకు భయపడ్డాడు. నెత్తిన పడుతుందని చెట్టు నీడ తప్పించి నడిచేవాడు. ఉద్దానంలో చెట్టు నీడ తప్పించి నడవాలంటే ఒరిస్సా మీదుగా చుట్టి రావాలి. అందుకే బడికి ఎప్పుడూ ఆలస్యం, అందుకే మేష్టారి బెత్తమంటే భయం. కుర్చీ నాలుగు కాళ్లూ లెక్కపెట్టి గానీ కూచోడు. ఢిల్లీ నుంచి వచ్చినాయన పేరడిగితే "నాది కాదండీ" అన్నాడు. తుఫానుకు నాన్న వేసిన కొబ్బరీ జీడీ ఒక్క రాత్రిలో నేలకు ఒరిగితే, బియ్యం కోసం వరసలో నిలబడ్డాడు. ఎవరో గోనెసంచి మూతి పట్టుకోమన్నారు. వదలమని ఎవరూ చెప్పలేదు. అలా ఉద్యోగంలో చేరాడు.

భార్య సీతారత్నం కాశీబుగ్గలో జీడిపిక్కలు ఒలుస్తుంది. వేళ్లు నల్లగా కమిలి ఉంటాయి. ఆయన మొదటిసారి శవం వేషం వేసొచ్చిన రోజు వీధిలోనే నిలబెట్టి నెత్తిన పసుపునీళ్లు పోసి ఏడ్చింది. ఇప్పుడు అలవాటైపోయింది. ఈ పొద్దున కూడా దువ్వెన చేతికిస్తూ, "ఇయ్యాల సత్తావా, ఉత్త మీటింగేనా? సచ్చేదయితే మాసిన సొక్కా ఏసుకో. ఇసక వదల్దు," అంది.

ఈ రోజు మాత్రం చొక్కాతో పోయే వ్యవహారం కాదు. ఈ రోజు మోసేవాళ్లు రెండూళ్ల వాళ్లు. రెండు వెదురుబొంగుల మధ్య గోనె కుట్టిన డోలీకి నాలుగు కొసలు. ఏ పక్కా ఒకే ఊరిది కాకుండా కొత్తగండి వాళ్లిద్దరినీ మూలకు మూలగా నిలబెట్టాడు. ఎల్లుండి నుంచి మళ్లీ కవ్వళ్ల చేపల వేట మొదలు. ఒకే నీళ్లలో రెండూళ్ల పడవలు తిరగాలి. ఈలోపల ఈ నలుగురూ ఒక బరువు కలిసి మొయ్యకపోతే, ఈసారి మునిగేది ఒక్కడు కాదు. ఆ సంగతి తలుచుకుని రాత్రంతా ఆయన కప్పుకున్న దుప్పటి వణికింది.

తల దగ్గర కుడి కొస యువరాజుది. మునిగిపోయిన కుర్రాడి తమ్ముడు. ఎడమ కొస సరుగుడుపేట బైరాగిది. ఆ రాత్రి గుద్దిన పడవలో బైరాగి ఉన్నాడని కొందరంటారు, లేడని కొందరంటారు. బైరాగి ఏమీ అనడు.

"ఎత్తండి," అంది లావణ్య.

యువరాజు వంగలేదు. చేతులు కట్టుకుని శవం మొహంలోకి చూశాడు. "మేనేజరుబాబూ, ముందే సెప్తన్నాను. మజ్జిలో నానొగ్గీసినా ఒగ్గీగల్ను. కోపం రాకూడదు."

శవం మాట్లాడకూడదు. అయినా కనురెప్పల సందున చూస్తూ, "ఒగ్గీడానికి ముందు కొంచెం కిందికి దించు బాబూ," అంది.

ఎవరో నవ్వారు. ఆ నవ్వులోనే నలుగురూ వంగి ఎత్తారు.

ఇసకలో నడక. ఒకడి అడుగు దిగితే ఇంకొకడిది లేస్తుంది. డోలీ పడవలా ఒరిగింది. త్రినాథరావు జారి బైరాగి భుజానికి తగిలాడు. అటు సర్దితే ఇటు జారాడు. అప్పుడు మొదలైంది. ఛాతీ మధ్యలో ఎవరో మోకాలు పెట్టి కూచున్నట్టు. ముందు గ్యాసనుకున్నాడు. మోకాలు కదల్లేదు. ఎడమ భుజంలోకి, అక్కణ్నుంచి మోచేతిలోకి, చిటికెనవేలి దాకా సన్నగా ఒక తీగ లాగారు. చెమట పట్టింది. అది చల్లగా ఉంది. సముద్రపుగాలి కంటే చల్లగా ఉంది.

లావణ్య నిన్ననే పలక మీద బొమ్మ వేసి చెప్పింది, ఈ నొప్పి దేనిదో. చాపలు అందరికీ సరిపోయాయా లేదా అని భయపడుతూ ఆయన కూడా విన్నాడు. కొబ్బరికాయకు, కుర్చీకి, బస్సు హారనుకు, బల్లిపాటుకు పద్ధతిగా భయపడుతూ వచ్చినవాడు, తన గుండెకు భయపడ్డం మాత్రం ఇన్నేళ్లూ మరిచిపోయాడు.

నోరు తెరిచి చెప్పాలనుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి కొత్తగండి ఆడది ఎవరో అరిచింది. "ఒరే, ఆ సరుగుడుపేటోడు కావాల్న కుదుపుతన్నాడ్రా! సంపీగల్డు మడిసిని!"

త్రినాథరావు నోరు అలాగే ఆగిపోయింది. ఇప్పుడు తను మూలిగితే? ఈ డోలీ మీద పోతే? మీరు కుదిపారంటే మీరు ఒగ్గేశారని. గట్టు మీద తెడ్లు ఆరబెట్టి ఉన్నాయి, వంద దాకా. శాంతి శిక్షణలో మేనేజరు చచ్చాడు, ఆ చావుకు ఇంకో పదిమంది. అంత భయం ఆయన జన్మలో ఎరగడు. నొప్పి కూడా ఆ భయానికి దారిచ్చి పక్కకు తప్పుకుంది. ఊపిరి సన్నగా, దొంగలా తీసుకున్నాడు. ఇక్కడ కాదు. ఈ నలుగురి చేతుల్లో కాదు.

డోలీ మళ్లీ ఒరిగింది. అడుగు కలపడానికి దారి లేక బైరాగి నోట్లోంచి పాత అలవాటు పైకొచ్చింది. పెద్దవల ఒడ్డుకు లాగేటప్పటి కేక.

"లాగరా లాగూ…"

ఆ ఒడ్డున ఆ కేక ఎవరు వేసినా రెండోవాడు అందుకోవాలి. పగవాడు వేసినా అందుకోవాలి. అందుకోకపోతే తాడు కొస సముద్రం పట్టుకుంటుందని చిన్నప్పుడే అమ్మలు భయపెట్టి ఉంటారు. కేక గాల్లో నిలబడిపోయింది. నాలుగడుగులు, అయిదడుగులు.

"…ఓయ్, ఒడ్డుకు లాగూ," అన్నాడు యువరాజు.

అడుగులు కలిశాయి. డోలీ ఒరగకుండా నిలిచింది. కేకకు కేక పలుకుతూ తుఫాను షెల్టరు వైపు నడిచారు. కొంతదూరం పోయాక యువరాజు, పాటలోనే ఇంకో చరణం లాగా, బైరాగి వైపు చూడకుండా అన్నాడు.

"మా అన్న సవాన్ని మొయ్యడానికి మీ ఊరోడు ఒక్కడు రానేదు."

బైరాగి బొంగు మీద పట్టు మార్చుకున్నాడు. "వొచ్చినాం," అన్నాడు. "గట్టుదాకా వొచ్చినాం. మీయమ్మ ఏడుపు ఇనిపించినాది. కాళ్లు ఆడక ఎనక్కెల్లిపోనాం."

"రావాల్సింది."

"రావాల్సింది," అన్నాడు బైరాగి. "సంపీసినా రావాల్సింది."

శవం ముందు మనుషులు ఏమైనా మాట్లాడుకుంటారు. త్రినాథరావు పళ్లు బిగబట్టి, మోకాలు కింద నలుగుతున్న ఛాతీని కదలనివ్వకుండా పడుకున్నాడు. వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఒక్క మూలుగు కూడా బయటికి పోకుండా చూసుకున్నాడు. అన్ని ఊళ్లలో అన్నిసార్లు వేసినా, వేషం ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

షెల్టరు అరుగు మీద దించారు. ఆయన లేచి కూచున్నాడు. లేచినందుకు పెద్దతల్లి ఎప్పటిలాగే చప్పట్లు కొట్టింది.

"సార్, మీ మొహం తెల్లగా అయిపోయింది," అంది లావణ్య, కళ్లద్దాలూ చిల్లరా ఇస్తూ.

"గ్యాసమ్మా. పొద్దున్న పెసరట్టు." కుడిచేత్తో కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "నేను కాశీబుగ్గ వెళ్లి ఆసుపత్రిలో చూపించుకుంటాను. నువ్వు భోజనాల దగ్గరుండు. రెండూళ్ల వాళ్లనీ ఒకే వరసలో కూచోబెట్టు. నువ్వు కదిలితే లేచిపోతారు."

"నేనూ వస్తాను సార్."

"వద్దు," అన్నాడు. జీవితంలో ఎవరికీ వద్దని చెప్పని మనిషి. ఆ మాటకు లావణ్యా, ఆయనా ఇద్దరూ ఆశ్చర్యపోయారు.

బస్సు దగ్గరికి యువరాజు పరిగెత్తుకొచ్చాడు. చేతిలో కోనెం చేప, మోచెయ్యంత. "నాను ఒగ్గీనేదు కదేటి. అమ్మగారికియ్యండి." వెనకే బైరాగి వచ్చాడు. చేతిలో చందువ, విస్తరంత. కోనేన్ని చూసి, "అంతేనేటి కొత్తగండి చేప? మేం దాన్ని ఎరకి కడతాం," అన్నాడు. "మీకు ఎరకి తప్ప ఇంకేటి దొరుకుద్ది?" అన్నాడు యువరాజు. త్రినాథరావు ఎడమచెయ్యి పైకి రాలేదు. ఒక చేత్తో రెండు చేపలు పట్టుకోలేక నిలబడితే, బైరాగి మొలలోంచి వలతాడు ముక్క తీసి కోనెం దవడలోంచి దూర్చాడు. రెండో కొస యువరాజు చందువ దవడలోంచి లాగి ముడేశాడు. తిట్టుకుంటూనే బస్సెక్కించారు.

ఆయన కిటికీ పక్క కూచున్నాడు. తాడును కిటికీ ఊచకు తగిలించాడు. కుర్చీ కాళ్లు చూడలేదు.

ముందు సరుగుడుపేట పొలిమేర దాటాలి. ఊచ పట్టుకుని, ఒక్కొక్క సరుగుడు చెట్టునూ బతిమాలుతూ కూచున్నాడు. చెట్లు అయిపోయాయి. తర్వాత కొత్తగండి జీడితోటలు. తోట గట్టున ఆ ఊరి ఆడవాళ్లు నిలబడి బస్సుకేసి చూశారు. ఆయన నిటారుగా కూచుని, బాగున్నట్టు తల ఊపాడు. తోటలు అయిపోయాయి. కల్వర్టు దాటింది. ఇక ఇది ఎవరి ఊరూ కాదు. మోకాలి బరువు ఒకసారి సడలి, రెండింతలుగా మళ్లీ దిగింది.

"ఎక్కడికండీ?" కండక్టరు.

"కాశీబుగ్గ."

టికెట్టు తీసుకున్నాక ఇంకో భయం పట్టుకుంది. దారిలో పోతే కండక్టరుకు కేసు. పాపం, పిల్లలుగలవాడిలా ఉన్నాడు. కాశీబుగ్గకు టికెట్టు కొని మధ్యలో దిగిపోవడం పద్ధతి కూడా కాదు. సీతారత్నం నాలుగింటికి పిక్కల దగ్గర్నుంచి వస్తుంది, తాళం తన దగ్గరే ఉంది. అది భయం. ఆమెకు చెప్పకుండా ఇలా, అది ఇంకో భయం. ఒక్కొక్కటే తీసి చూసుకున్నాడు, చిల్లర లెక్కపెట్టుకున్నట్టు. కొబ్బరిచెట్ల నీడలు కిటికీలోంచి మొహం మీద పడి పోతున్నాయి. తుఫాను తర్వాత నాటినవి, అప్పుడే కాపుకొచ్చాయి. ఒక్క నీడను కూడా ఆయన తప్పించుకోలేదు.

కాశీబుగ్గ రైల్వేగేటు పడి ఉంది. గూడ్సుబండి, ఎప్పటికీ తెగని గూడ్సుబండి. ఇంజను ఆపి డ్రైవరు బీడీ వెలిగించాడు. జనం దిగి పట్టాల పక్కనుంచి నడిచిపోయారు.

"బాబూ, కాశీబుగ్గొచ్చీసినాది. దిగండి," అన్నాడు కండక్టరు.

పక్కకు ఒరిగి కూచున్న మనిషి నిద్రపోతున్నాడనుకుని ఇంకోసారి పిలిచాడు. భుజం మీద చెయ్యేశాడు. చెయ్యి వెంటనే తీసేశాడు.

తర్వాత ఆసుపత్రివాళ్లు వచ్చి దింపుకుపోయారు. గేటు లేచింది. వెనక బళ్లు హారన్లు కొడుతుంటే బస్సు పట్టాలు దాటింది. ఖాళీ సీటు పక్కన కిటికీ ఊచకు, ఒకే తాడుకు కట్టిన కోనెమూ చందువా ఒకదానికొకటి తగులుతూ ఊగాయి.