కనపడని రెక్కలు

పాయింటు తర్వాత మూడు సున్నాలు ఉండాల్సిన చోట ఒకటే ఉందేమిటి అనుకుంటూ ఆమె కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకుంది, సున్నాలు పెరగలేదు, అంటే ఆరు వారాలుగా ఈ కంప్యూటరు ఎలక్ట్రాను అలను కాలంలో వందరెట్లు పెద్ద అంగలతో నడిపిస్తోంది, రెప్ప వేసేలోగా కోట్లసార్లు ఊగే అల అది, ప్రతి ఊపూ దొరకాలంటే చీమ అడుగులు వేయాలి, తనేమో ఏనుగు అంగలు వేయించింది, మూడింటికి గైడు మేడమ్ ముందు ఫలితాలు పెట్టాలి, ఇవి తప్పయితే థీసిస్‌లో సగం చెత్తబుట్టకే, పక్క బల్ల సీనియరు, ఎనిమిదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నందుకు అందరికీ తాతయ్య, ఏంటమ్మా ఆ మొహం, దెయ్యాన్ని చూశావా అన్నాడు, దెయ్యమే నయం తాతయ్యా అని చూపించింది, అతను గొంతు తగ్గించి, నోరు మూసుకుని ఊరుకో, మేడమ్ సున్నాలు లెక్కపెడుతుందా ఏంటి అన్నాడు.

లెక్కలో చిన్న ముక్కొకటి సరైన అంగతో మళ్లీ నడపడానికి పెట్టింది, నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది, రెక్కలు కనపడవు, చిన్నప్పుడు ఎలక్ట్రీషియన్ నాన్న నిచ్చెన పట్టుకుని అడిగేది, గాలి ఏ రెక్కది నాన్నా, ఏదైతే ఏంటే పిచ్చిమొద్దూ, నీకు తగులుతోందా లేదా అనేవాడు ఆయన, గడియారంలో రెండూ నలభై, లెక్క అయిపోయింది, పాతా కొత్తా రెండు అలల్నీ ఒకదానిమీద ఒకటి గీసింది, ఇక్కడ శిఖరం ఉంటే అక్కడ గుంట, ఎక్కడా పొంతన లేదు, అయిపోయింది, అయినా ఎలక్ట్రాను ఎక్కడ దొరికే అవకాశం ఎంతుందో చూపే రెండో బొమ్మ గీసింది, ఒక్క గీతే వచ్చింది.

రెండోది గీయలేదా అని రంగు మార్చింది, లావు చేసింది, రెండూ ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి దాక్కుని, మూడో దశాంశం దాకా తేడా లేదు, ఆమె చేతులమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, తన ప్రోగ్రాములో లాగా ప్రతి అంగనూ రెండుగా విడగొట్టి, కదలికను విడిగా, బలాన్ని విడిగా లెక్కగడితే అంగలు పెద్దవైనా ఇలా జరుగుతుందని పుస్తకంలో చదివింది, ఆ వాక్యం కింద గీత కూడా గీసుకుంది, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకుంది, ఒక్కనాడూ నమ్మలేదు, అల అంతా తప్పు, అది చెప్పే చోటు మాత్రం ఒప్పు, రెండు బొమ్మలూ ప్రింటు తీసుకుని లేచింది, అయితే చెప్పేస్తావా, పిచ్చా నీకు అంటున్నాడు తాతయ్య, సున్నాల సంగతే ముందు చెప్తాను తాతయ్యా, లేకపోతే ఈ అద్భుతం ఎలా చెప్పను, తలుపు దగ్గర ఆగి పైకి చూసింది, ఒక్క రెక్కా కనపడలేదు, నాన్న చెప్పింది అప్పుడు సగమే, ఇప్పుడు మొత్తం అర్థమైంది, మొహానికి గాలి తగులుతూనే ఉంది.