పసుపు రాసిన చావు కబుర్లు

నేను ఒక ఉత్తరాల తీగను. అడుగున గుండ్రటి చెక్కబిళ్ల, పైన కొక్కెంలా వంగిన మొన, నడుమ రెండు జానల ఇనుము. అంతే నా ఒళ్లు. నా గురించీ, నన్ను గోడకు తగిలించుకున్న డాక్టరుగారి గురించీ పక్కింటి ఇంజనీరుగారి భార్య అన్న మాటను పాలు పోసే నూకాలు చెంబుతో పాటు మోసుకొచ్చి మా వసారాలో దించింది.

"ఆయన పేరుకే పెద్ద సైంటిస్టంటమ్మా. తెల్లారితే కార్డుముక్కలు సదువుకోటం, జవాబులు రాసుకోటం, ఆటిని తీగకి గుచ్చుకోటం. అంత సదువు సదివి పోస్టాఫీసు పనేంటని ఆవిడగారు ఒకటే నవ్వంట."

నవ్వుకోనీ. ఎవరి ఇంటికి ఎన్ని ఉత్తరాలొస్తాయో పోస్టుమాన్‌ని అడిగితే తెలుస్తుంది.

పుట్టుకకు నేను గొడుగు ఊచను. ఒక బడిపంతులుగారి నెత్తిమీద కొన్ని వానాకాలాలు గడిపాను. గుడ్డ చీలికలయ్యాక కమ్మరి కొలిమిలో పడి, కొస వంచుకుని, ధాన్యం కొట్టులో రసీదులు మోశాను. రసీదుకు ఉన్నంత పొగరు మరే కాగితానికీ ఉండదు. కొట్టు మూతపడ్డాక పాతసామాన్ల గోనెలో తుప్పు పడుతుంటే డాక్టర్ ఓరుగంటి కామేశం గారు నన్ను బయటికి లాగి, బూడిదతో తోమించి, తన వసారాలో మేకుకు తగిలించారు.

ఆయన వరి శాస్త్రవేత్త. గోదావరి కాలవల కింద ఉన్న సర్కారు వరి పరిశోధన క్షేత్రానికి పెద్ద. లండను నుంచి టైపు కొట్టిన ఉత్తరం వచ్చినా, లంక గ్రామం నుంచి పెన్సిలు కార్డు వచ్చినా, వచ్చిన వరుసలోనే జవాబు రాసేవారు. జవాబు పోస్టులో పడ్డాకే ఉత్తరం నా మొనలోకి దిగేది. అందుకని నా మీద దొరా రైతూ ఒకరి వీపు ఒకరికి ఆనించి కూర్చునేవారు. దొరలకు అది తెలియదు కాబట్టి గొడవ రాలేదు.

ఆ రోజుల్లో డాక్టరుగారి ప్రాణమంతా పదిహేడో నంబరు విత్తనం మీదే ఉండేది. దాన్ని కాలవల పొడవునా ఊరూరికీ కొంచెం కొంచెం పంపి, పంట ఎలా ఉందో కార్డు రాయమన్నారు. ఆ కార్డుల్ని బట్టే దాన్ని జిల్లా అంతటికీ వదలాలా వద్దా అన్నది తేలాలి. వదిలాక తప్పని తెలిస్తే వెనక్కి తీసుకోవడానికి అది మాట కాదు. అప్పటికే జనం మడుల్లో చల్లేసి ఉంటారు.

కార్డులు వచ్చాయి. "శ్రీ" చుట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, "తమ దయవల్ల చేను విరగపండింది" అని. ఒక్కొక్కటీ నాలోకి దిగుతుంటే డాక్టరుగారి ముఖం వెలిగిపోయేది. కొక్కెం దాకా నిండిపోయాను. ఒక్క చేదు కార్డూ లేదు. లోకంలో ఏ విత్తనానికీ లేని అదృష్టం దీనికెలా పట్టిందని అంత చదువుకున్న మనిషికి అనుమానం రాలేదు. సంతోషం వచ్చినప్పుడు మనుషులు దాన్ని గుమ్మంలో నిలబెట్టి ఊరూ పేరూ అడగరు.

గుట్టంతా డాక్టరుగారి మేనత్త వెంకాయమ్మగారి దగ్గరుంది. ఆమెకూ అది గుట్టని తెలియదు. పోస్టుమాన్ చేతిలోంచి టపా అందుకునేది ఆవిడే. చావు కబురు తెచ్చిన ఉత్తరం ఇంట్లో నిలవకూడదన్నది ఆవిడ పుట్టింటి ఆచారం, మెట్టినింటి ఆచారం కూడా. పైన "శ్రీ" లేకపోతే, లోపల "పోయింది" అన్న మాట కనబడితే, గుమ్మంలోనే చించి గోడ అవతల పారేసి, నూతి దగ్గర నెత్తిన నీళ్లు గుమ్మరించుకునేది.

మరి చేను పోయిన రైతు "శ్రీ" ఎలా చుడతాడు? ఇంట్లో మనిషి పోయినప్పుడు ఎలా రాస్తాడో అలాగే రాశాడు. "పదిహేడో నంబరు మాకు దక్కలేదు, పోయింది" అని.

"ఈ ఏడు చావులు మరీ ఎక్కువయ్యాయిరా కామేశం. నీళ్లు పోసుకోలేక ఛస్తున్నాను" అందావిడ ఒకసారి, తడి జుట్టు తుడుచుకుంటూ.

"విషజ్వరాలేమో అత్తయ్యా" అన్నారాయన, నా మీది పసుపు కార్డులు సర్దుతూ.

విత్తనం వదిలే సభకు ముందురోజు పొద్దున ఒక రైతు వచ్చి చెప్పులు మెట్ల కింద విడిచాడు. పేరు కొప్పినీడి బుల్లెయ్య. సముద్రం దగ్గర, కాలవ చిట్టచివర ఉండే మొగలిదొడ్డి వాళ్ల ఊరు.

"కార్డు మీద కార్డు రాశానండి. అందరికీ జవాబు రాసే బాబుగారికి నేనేం పాపం చేశానండి?"

"నీ కార్డు నాకు అందలేదయ్యా."

"చేను పోయిందని రాశానండి. మావూళ్లో అందరూ రాశారండి, ఆయ్. చౌడుకి మొక్క మాడి చచ్చిందండి."

డాక్టరుగారు లోపలికి చూశారు. గుమ్మంలో వెంకాయమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"చేనా పోయింది? నేను మనిషనుకున్నానురా!"

"ఎన్ని చించావు అత్తయ్యా?"

"ఎన్నిసార్లు నెత్తిన నీళ్లు పోసుకున్నానో అన్ని" అంది, ఏడుపు గొంతుతో.

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. తర్వాత ఆయన నవ్వుతారని నేను అనుకోలేదు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, కళ్లు తుడుచుకుని, "తప్పు నీది కాదు. బాగుందని చెప్పినవాళ్లే లోకమనుకున్నాను" అన్నారు. మర్నాడు నన్ను కార్డులతో సహా చేతబట్టుకుని సభకు వెళ్లి, జరిగింది చెప్పి, "వీటిలో అబద్ధం లేదు, కానీ సగం నిజం గోడ అవతల పడింది. విత్తనం ఆపండి" అని నిలబడి చెప్పారు. దండలు తెచ్చిన పై అధికారి ముఖం చూడాలి అప్పుడు. "ఇంటి ఆడవాళ్ల ఆచారానికి సర్కారు ప్రణాళిక ఆగాలా?" అని గొంతు చించుకున్నాడు. డాక్టరుగారు కదల్లేదు. విత్తనం ఆగింది.

ఆ వారమే అన్ని ఊళ్లకూ ఆయన కార్డులు వెళ్లాయి. "పంట పోయినా శ్రీ చుట్టండి, పసుపు రాయండి. నాకది శుభవార్తే."

ఇక చూడండి నా వైభవం! నాలుగు మూలలా పసుపు, పైన శ్రీ, కింద "చేను నిలువునా మాడిపోయింది" అని. వెంకాయమ్మగారు వాటిని కళ్లకద్దుకుని మరీ అందించేది. ఎవరో ఒకాయన ఎండిన వరి కంకినే కార్డుకు కుట్టి పంపాడు. డాక్టరుగారు నన్ను నేలమీద పెట్టి, కార్డులు ఊడదీసి, కాలవ పటం చుట్టూ పరిచారు. పోయిన చేలన్నీ చివరి ఊళ్లవే, చౌడు నేలలే. చిరకాలంగా అక్కడ తట్టుకుని నిలిచినవి ఎర్రగింజ నాటు వడ్లు. పదిహేడో నంబరుకూ ఆ నాటు వడ్లకూ ఆయన పెళ్లి చేశారు. వాటి సంతానాన్ని ఏడాదికేడాది ఏరి ఏరి, చివరికి మొగలిదొడ్డి చౌడులో బుల్లెయ్య చేలోనే నాటించారు. కోతల నాడు ఆ చేను గాలికి ఊగుతుంటే వెంకాయమ్మగారు గట్టు మీద నిలబడి మొక్కలకు దిష్టి తీసింది. దిగుబడి చూసి, ఒకప్పుడు గొంతు చించుకున్న పై అధికారి డాక్టరుగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉంటాను. చూడవచ్చినవాళ్లు నన్ను చేపల గాలం అనుకుంటారు. అనుకోనీ. నేను పట్టినంత పెద్ద చేపను ఏ గాలమూ పట్టలేదు.

ఈ బీరువాలోకి రాకముందు, కొత్త విత్తనం విజయోత్సవ సభ నాడు నన్ను పూలదండతో వేదిక మీదే నిలబెట్టారు. డప్పులు మోగాయి. చివరి ఊళ్ల జనం బళ్లు కట్టుకుని వచ్చారు. డాక్టరుగారిని భుజాల మీద ఎత్తి తిప్పారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. విత్తనానికి ఏ పేరు పెట్టాలో తేల్చడానికి కమిటీ వేస్తామనీ, పెద్దలు వచ్చి నామకరణం చేశాక పంపకం మొదలవుతుందనీ పై అధికారి ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ముందు వరుసలోంచి బుల్లెయ్య లేచాడు.

"పేరు మీరు తీరిగ్గా పెట్టుకోండి, ఆయ్. విత్తనం ఇప్పుడిచ్చెయ్యండి. నారుమడి దున్నేసి వచ్చాను."