కట్టె మాట

మా ఆలూరు మండలం మొత్తంలో సముద్రంలోకి దిగి మనిషిని ప్రాణాలతో ఒడ్డుకు చేర్చిన ఘనత మా ఇంటికే ఉంది. ఆ దిగినవాణ్ణి నేనే. కావాలంటే మా సంఘం బస్సులో వచ్చిన నలభై మందినీ అడగండి. వద్దులెండి, వాళ్లనడగొద్దు. నేనే చెబుతాను.

పోయిన జనవరిలో, పత్తి తీయడం అయిపోయాక, మా చర్చి సంఘం వాళ్లంతా తమిళదేశంలోని తరంగంబాడికి పోయాం. మూడు వందల ఏళ్ల కిందట మిషనరీ దొరలు ఓడ దిగిన ఊరది. ఊళ్లోకి పోయే దారిలో తెల్లటి గవిని, పాతకాలం ఊరివాకిలి, ఉంది. ఒకప్పుడు ఊరి చుట్టూ గోడ ఉండేదట.

"గోడ యాడప్పా?" అని మా సంఘ పెద్ద యేసుప్రసాద్‌ను అడిగాను. అతను సముద్రం వైపు వేలు చూపించాడు.

"ఆ పక్క గోడను అది తినేసిందంట, ప్రకాశం మామా. ఒడ్డున ఉండే గుడిని కూడా సగం తినేసిందంట."

"రాళ్లు తినేదానికి దానికి పండ్లుండాయా?" అన్నాను.

అందరూ నవ్వారు. నా భార్య కృపమణి నవ్వలేదు. సముద్రం కంటబడింది మొదలు ఆమె నా మోచెయ్యి వదల్లేదు.

"ఇది ఒక్క గడియ కూడా నిలబడదేమప్పా? ఊరికే కదులుతానే ఉండాది," అంది.

మా మెట్టనేలలో పుట్టినవాళ్లకు పారే నీళ్లంటే వంకే. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు ఎద్దుల్ని బండితో సహా ఈడ్చుకుపోతుంది. అందుకే దాటబోయే ముందు నీటి అంచున కట్టె గుచ్చి, ఆకూ వక్కా నమిలేంతసేపు చూస్తాం. నీళ్లు కట్టెను వదిలి కిందికి జరిగితే వంక తీసినట్టు. ఇక ఆ పూటకు రాదు. కట్టె తడిస్తే వెనక్కి తిరగాలి. తాతల నాటి లెక్క, తప్పింది లేదు.

దొరల కోట సముద్రం ఒడ్డునే ఉంది. మెట్లెక్కడానికి కృపమణికి మోకాళ్లు సహకరించవు. కోట ముందర అలల కోసం పెద్ద పెద్ద రాళ్లు పోశారు. వాటి సందులోంచి పోతే అవతల కాస్త ఇసుక, ఆ ఇసుకలో చదునైన బండ ఒకటి. నా చేతికట్టెను నీటి అంచున గుచ్చి ఆకూ వక్కా నమిలాను. నీళ్లు మూరెడు వెనక్కి పోయాయి.

"తీసింది. ఈడ కూచ్చో. నేను పైకి పోయి ఫిరంగులు చూసొస్తా."

"నిజంగా తీసిందా?"

"నలభై ఏండ్లు ఊరి జనాన్ని వంక దాటించినోణ్ణి. నన్నా అడిగేది?"

ఆమె కూచుంది. శనక్కాయలు ఒలుచుకుంటూ కట్టెనే చూస్తూ కూచుంది.

పైన ప్రతి ఫిరంగికీ ఒక కథ కట్టి యేసుప్రసాద్‌కు చెప్పాను. అతను ఓపిక గలవాడు, అన్నీ విన్నాడు. గంట దాటిపోయింది. అప్పుడు సముద్రం వైపు గోడ దగ్గరికొచ్చి కిందికి చూశాను.

బండ లేదు.

చోటు తప్పి చూస్తున్నానేమో అనుకున్నాను. నల్ల రాయి ఉంది. దాని పక్కన చీలిన రాయి ఉంది. దాని ముందర బండ ఉండాలి. అక్కడ నీళ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. నా కట్టె తేలుతోంది. రాళ్ల దాకా వచ్చి, మళ్లీ లోపలికి పోతోంది.

మణీ అని పిలిచాను. గాలి ఆ పిలుపును నా నోట్లోకే తిరిగి కుక్కింది.

"అత్త యాడ మామా?" అన్నాడు యేసుప్రసాద్.

గోడ యాడంటే పొద్దున అతను చూపించిన వైపే వేలు చూపించాను.

మెట్లు ఎట్లా దిగానో తెలియదు. "ఈడ కూచ్చో" అన్న నా మాటే చెవుల్లో తిరుగుతోంది. పెండ్లయిన నలభై మూడేండ్లలో ఆమె నా మాట విన్నది శానా తక్కువ. ఈ ఒక్క మాట ఎందుకు వినింది దేవుడా అనుకుంటూ పరుగెత్తాను.

రాళ్లు దాటి దిగాను. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. వంకలో నీళ్లే పారతాయి, ఇక్కడ కాళ్ల కింది నేల కూడా పారిపోతోంది. రెండు చేతులతో నీళ్లు తడిమాను, చీర కొంగు తగులుతుందేమోనని. మరుక్షణం, తగిలితే ఏం చేయాలోనని చేతులు వెనక్కి తీసుకున్నాను. మళ్లీ తడిమాను. ఒక అల వచ్చి నన్ను పడగొట్టింది. కళ్లలో ఉప్పు, నోట్లో ఇసుక. పైకి ఎటో, కిందికి ఎటో తెలియలేదు.

అప్పుడు వెనకనుంచి ఎవరో నా కాలరు పట్టుకుని ఈడ్చి రాళ్ల మీద పడేశారు.

"ఏమప్పా, నీళ్లు పోసుకునేదానికి ఇదేనా యాళ?"

కృపమణి. నడుము దాకా తడిసి ఉంది. ఒక చేతి గుప్పిట్లో ఇంకా శనక్కాయలున్నాయి.

"నువ్వు... బండ మీద..."

"నీ కట్టె తడిసింది. లేచి పోయి కోట గోడ నీడన, ఆ చేపలామె పక్కన కూచ్చుంటి. నువ్వు నా ముందరే పరిగెత్తితివి. పిలిస్తే పలకవే."

"నేను కూచ్చోమంటి కదా."

"నువ్వు కూచ్చోమంటివి. కట్టె లెయ్యమనింది. ఇద్దరిలో యెవురి మాట వినల్ల?"

నాకు ఏడుపొచ్చింది. ఉప్పునీళ్లు కళ్లలో పడ్డాయని అందరికీ చెప్పాను. ఇప్పటికీ పెరట్లో బిందె వంచిన చప్పుడైతే, ఆ వెనకే ఆమె గొంతు వినబడేదాకా నాకు ఊపిరాడదు.

మొదట్లో చెప్పింది అబద్ధమేం కాదు. దిగినవాణ్ణి నేనే, ఘనతా మా ఇంటిదే. కాకపోతే ఒడ్డుకు చేర్చింది ఆమె, చేరింది నేను.

ఇందులో ఒక్క ముక్క మాత్రం కల్పించాను. ఆ రోజు నేను వేసుకున్న జుబ్బాకు కాలరు లేదు. నలభై మంది చూస్తుండగా ఆమె పట్టుకుని ఈడ్చింది నా ఎడమ చెవిని.