కౌరే పాటలో రెండో సగం

మా దీవిలో కల్లు గీసేవాడు కొబ్బరిచెట్టెక్కితే పాడి తీరాలి. పైన మనిషి ఉన్నాడని కిందివాళ్లకు తెలియాలి. పాట సగంలో ఆగిందంటే మనిషి పడ్డాడని అర్థం. ఎక్కడి పని అక్కడ వదిలి ఊరంతా ఆ చెట్టు కిందికి పరుగెత్తాలి. ఎవరి పాట వారిదే. కౌరే పాట ఒక్కటే నలుగురం కలిసి కట్టామట. కట్టామట అంటున్నాను, నాకు గుర్తులేదు.

కౌరే బ్వెరేకు అన్న. బ్వెరే, ఇయోతెబా, నేను ఒక ఈడువాళ్లం. ఒక ఏడు పడమటి గాలుల్లో వెళ్లిన కౌరే పడవ తిరిగి రాలేదు. బ్వెరే చెట్టెక్కడం మానేశాడు. సాయంకాలం మేమిద్దరం చెట్ల మీదినుంచి తన అన్న పాట పాడుతుంటే, కింద మోకాళ్లలో తల దాచుకుని వినేవాడట.

అప్పుడొచ్చింది గాజుబంతుల ఓడ. అందులో ఒక కెప్టెను, అతని భార్య. బంతి నోటి దగ్గర పెట్టుకుని పాటంతా పాడితే బిస్కెట్ల డబ్బా ఇచ్చేవారు. ఇయోతెబా, నేను పాడాం. ఆ బిస్కెట్ల రుచి ఇంకా నాలుక మీద ఉంది. పాడినది లేదు, బంతిలోకి పోయింది.

"ఇవాళ మా అన్న పాట పాడలేదేంరా?" అని అడిగాడు బ్వెరే.

"మీ అన్నెవర్రా?" అన్నాడు ఇయోతెబా. "నీకో అన్నుంటే మాకు తెలీదా? పులిసిన కల్లు తాగొచ్చావా ఏంటి?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తుంది. అప్పటి బ్వెరే ముఖమూ గుర్తుంది.

అతడు తిన్నగా ఓడ దగ్గరికి వెళ్లి మేం పాడిన బంతి ఇమ్మన్నాడు.

"దాంతో ఏం చేసుకుంటావు తమ్ముడూ?" కెప్టెను భార్య బుజ్జగించింది. "నీ దగ్గర మిగిలింది కూడా ఇందులో పాడెయ్. నీ ఏడుపూ దాంతోనే పోతుంది."

ఆ మాట బ్వెరేకు తీయగానే వినిపించిందట.

"పాడతాను. మా పాట నేల మీద పాడేది కాదు. చెట్టు దగ్గరికి రండి."

ఒక పాటకు ఒకటే బంతి. కెప్టెనూ భార్యా దాన్నే పట్టుకొచ్చి, చెట్టు కింద ఎత్తి పట్టుకున్నారు. బ్వెరే ఎక్కాడు, పాడాడు, సరిగ్గా సగంలో ఆగాడు.

ఊరు ఉలిక్కిపడింది. దుంపల గుంటల్లోంచి బురద చేతులతో ఆడవాళ్లు, వలలు వదిలేసి మగవాళ్లు పరుగెత్తారు. అందరికంటే ముందు మేమిద్దరం. ఎందుకో తెలియదు, కాళ్లకు తెలుసు. ఆ తోపులాటలో బంతి జారి పగడపురాయి మీద పగిలింది. ఎవరో నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు, అంతే.

"పాటలు దొంగిలించే మొహాలూ మీరూనూ! మీ అమ్మలు మీకు జోలపాట పాడలేదుటర్రా?" అని ఒక ముసలమ్మ పడవదాకా తరిమింది.

"పడలేదర్రా, పైనే ఉన్నాను!" అని కేకేశాడు బ్వెరే. "రెండో సగం వినండి!"

బంతి పగిలినా, మాలోంచి పోయింది తిరిగి రాలేదు. కొత్తపాట విన్నట్టే విన్నాను. అందులో పీతలంటే భయపడే కౌరే ఉన్నాడు; పడవలో గురకపెట్టే కౌరే ఉన్నాడు; తన గీతకత్తిని తెబానోకిచ్చి, పోగొడితే తంతానన్న కౌరే ఉన్నాడు.

తెబానో నేనే. నడుము తడుముకున్నాను. కత్తి ఉంది.

ఇప్పటికీ దానితోనే గీస్తాను. కౌరే పాటే పాడతాను, మధ్యలో ఆపకుండా.